వాసన చూసిన గులాబీ

చింతపల్లి రోడ్డులో నర్సరీ పెట్టి ఇరవై రెండేళ్ళయినా మన్మథరావు ఒక్క పువ్వునూ ముక్కు దగ్గర పెట్టుకున్నవాడు కాదు. అందుకు అతనికి సిగ్గూ లేదు, దాపరికమూ లేదు. కిరాణా కొట్టువాడు ప్రతి దిమ్మలోంచీ ఒక బెల్లం ముక్క గిల్లి నోట్లో వేసుకుంటూ పోతే ఆ కొట్టు ఎన్నాళ్ళుంటుంది? అతని లెక్కలో పువ్వంటే అందం కాదు, గడువు. మొక్క మీద పువ్వు విచ్చిందంటే అది రాలేలోపు ఆ మొక్క గేటు దాటాలి. రాలాక కొనేవాడి కంటికి అది ఆకులున్న పుల్ల. అందుకే పొద్దున్నే నర్సరీలో అడుగుపెట్టి, ఏ వరసలో ఎన్ని విచ్చాయో చూసినప్పుడు అతని మొహం వెలిగేది కాదు, ముడుచుకునేది.

"పేరు సూస్తే మన్మథుడు, పువ్వు కనబడితే జొరమొచ్చినోడిలా మొహం పెడతాడు," అనేది భార్య పుష్పవతి.

అలాంటివాడి గేటు పక్కన, బండి దిగిన మనిషి కళ్ళు ముందుగా పడే చోట, ఏటా కొబ్బరి మొలకలు బారులు తీర్చే చోట, ఒక గులాబీ పొద వచ్చి కూర్చుంది.

కూర్చోబెట్టింది కూతురు మణి. వ్యవసాయ పాలిటెక్నిక్ పూర్తిచేసి రెండేళ్ళుగా తండ్రితోపాటు నర్సరీ చూస్తోంది. ఊటీ వైపు గులాబీలు పెంచే ఒకాయన దగ్గర్నుంచి ఇంగ్లీషు జాతి మొక్క ఒకటి తెప్పించింది. పార్సిలు విప్పితే లోపల మూడు ముళ్ళ పుల్లలు, తడిగుడ్డలో చుట్టిన వేళ్ళు. మన్మథరావు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కట్టెపుల్లలు మనూళ్ళో దొరకవేటి?" అన్నాడు.

వర్షాలు వెళ్ళేసరికి ఆ పుల్లలు నడుమెత్తు పొద అయ్యాయి. మొదటి పువ్వు విచ్చినప్పుడు మణి ఇంట్లో అందరినీ చేయి పట్టి లాక్కొచ్చింది. చిక్కటి ఎరుపు. పారాణి ఆరిపోయాక పాదం మీద మిగిలే ఎరుపు. కడియం నర్సరీల నుంచి వచ్చే గులాబీల్లా మొన తేలి నిటారుగా నిలబడేది కాదు. గిన్నెలా గుండ్రంగా విచ్చి, లోపల వందకు తగ్గని రేకులు మడతల మీద మడతలుగా కూరినట్టు, ఆ బరువుకి తల కాస్త వంచుకుని ఉంది.

మన్మథరావు చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ ఒకసారి తిరిగాడు. "తలెత్తదు. కాడకి బలం లేదు. జడలో నిలవదు. దండకి గుచ్చితే రేకులూడిపోతాయి. ఇంక దేనికమ్మా ఇది?"

"జడకీ కాదు, దండకీ కాదు నాన్నా. ఇది పెరట్లో ఉండడానికి. పక్కనుంచి నడిచి ఎళ్తే వాసన తెలియాలి. అంతే దీని పని."

"అంతే దీని పని!" అన్నాడు పుష్పవతి వైపు తిరిగి, సాక్ష్యం అడుగుతున్నట్టు.

ఆ రోజే తండ్రీ కూతుళ్ళ మధ్య ఒక మాట ఖాయమైంది. కార్తీకం వెళ్ళేలోపు ఒక్క మనిషి ఈ పొదని చూసి, ఇలాంటివి మాకూ కావాలని అడగాలి. అడిగితే గేటు పక్క చోటు మణిది. అందులో ఆమె ఇష్టమొచ్చిన గులాబీలకు అంట్లు కట్టుకోవచ్చు. అడగకపోతే పొద పీకేస్తారు, ఆ పైన ఆమె తండ్రి చెప్పిన జీడి అంట్లూ మామిడి అంట్లూ కొబ్బరి మొలకలే పెంచాలి. మణి రెండో మాట లేకుండా ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదని పుష్పవతి గమనించింది. మన్మథరావూ గమనించాడు గానీ, బేరం కుదిరాక అవతలివాళ్ళ మొహం చూడకూడదన్నది అతని నియమం.

కార్తీకం సగమయ్యేసరికి ఒక ఫోను వచ్చింది. రోలుగుంటకు చెందిన పాత ఖాతాదారు వరహాలక్ష్మి, టీచరుగా రిటైరయిన ఆవిడ, కొండ ఎక్కకముందు రోడ్డు పక్కనున్న తమ జీడితోటలో అతిథుల కోసం గదులు కట్టిస్తోంది. లంబసింగి మంచు చూడాలని వచ్చేవాళ్ళు రాత్రికి అక్కడ పడుకుని, చీకటితోనే లేచి కొండెక్కి, తొమ్మిదింటికల్లా వణుకుతూ దిగివస్తారట. గదుల ముందు దారికి రెండు పక్కలా ఏదైనా పొద వేయాలి.

"ఫొటోలు పంపకమ్మా," అంది మణితో. "ఫొటోలో అన్నీ బాగుంటాయి. వచ్చినవాళ్ళకి ఊరెళ్ళాక కూడా మా ఇల్లు వాసనతో గుర్తుండాలి. నేనే వచ్చి ముక్కుతో చూసుకుంటాను. ఈ సోమవారం కాదు, పై సోమవారం ఎనిమిదింటికి."

ఆ సోమవారానికి ఇంకా పది రోజులుంది. మణి మొగ్గలు లెక్కపెట్టింది. పద్నాలుగు. రోజుకి ఒకటి రెండు చొప్పున విచ్చినా సోమవారానికి పొద నిండుగా ఉంటుంది.

ఆ లెక్కలో ఆమె మరిచిపోయింది రామాయమ్మను.

రామాయమ్మది గోడ అవతలి ఇల్లు. డెబ్బై దాటాయి. మొగుడి పింఛను, ఒక పూజగది, ఒక ప్లాస్టిక్ సజ్జ, ఇవీ ఆవిడ ఆస్తి. కార్తీకమాసం నెల్లాళ్ళూ తెల్లారకముందే తలస్నానం చేసి, తడి జుట్టుతో వీధిలో ప్రతి గేటూ తీసుకుని లోపలికెళ్ళి పువ్వులు కోసుకొస్తుంది. మందారాలు, గన్నేర్లు, నందివర్ధనాలు. ఎవరూ ఏమీ అనరు. దేవుడికి కోసిన పువ్వు దొంగతనం కాదని వీధి మొత్తానికీ తెలుసు. కాదన్నవాడికి పాపమనీ తెలుసు. పైగా పువ్వులు అమ్మే ఇంట్లో కోస్తే పుణ్యం రెండింతలని రామాయమ్మ సొంత లెక్క.

మర్నాడు మణి లేచి వెళ్ళేసరికి విచ్చిన మూడు పువ్వులూ లేవు. కాడలు మాత్రం ఏటవాలుగా, ఒడుపుగా తుంచి ఉన్నాయి.

"మామ్మా, మా గులాబీలు మీరు కోసారా?" అని గోడ మీంచి అడిగింది.

"నాను కాపోతే ఇంకెవులు కోస్తారే? శివయ్య మీద పెడితే ఎంత కళగుందో! రా, వొచ్చి సూడు."

మణి ఏడవలేదు గానీ ఏడ్చినట్టే అయింది. మన్మథరావుకి కబురందింది. న్యాయంగా ఆలోచిస్తే అతనికిది నష్టమేం కాదు. పువ్వుల్లేకపోతే వరహాలక్ష్మి కొనదు, కొనకపోతే చోటు తన చేతికొస్తుంది. కానీ అతను వ్యాపారి. పందెంలో గెలవడం వేరు, అవతలివాళ్ళ సరుకు ఎవరో ఎత్తుకుపోతే గెలవడం వేరు. అలాంటి గెలుపు లెక్కలోకి రాదు.

సాయంత్రం గోడ దగ్గరికి వెళ్ళాడు. "పిన్నీ, ఆ గులాబీ పూజకి పనికిరాదు. అది ఇంగ్లీషోల్ల పువ్వు."

"బంతిపువ్వు నీ తాతలు పుట్టించారేటి? ఎక్కడ పుడితే ఏటి, దేవుడి దగ్గరికొచ్చీసాక దేవుడిదే."

"పోనీ ఎర్ర గులాబీ మొక్క ఒకటి ఊరికే ఇస్తాను, నీ పెరట్లో ఏసుకో."

రామాయమ్మ అతన్ని జాలిగా చూసింది. "ఇచ్చీసి ఎల్లిపోతావు. రోజూ నీల్లెవుడు పోస్తాడ్రా?"

మన్మథరావు వెనక్కి వచ్చేశాడు. ఇరవై రెండేళ్ళలో ఎవరూ అతన్ని ఇంత తక్కువ మాటల్లో పంపించలేదు.

రాత్రి వడ్డిస్తూ పుష్పవతి దారి చెప్పింది. "వాసన సూసిన పువ్వు పూజకి పెడతారేటి? సూసీండి. ఇంక ఆవిడ ముట్టదు."

మన్మథరావు ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. ఖర్చు లేదు, గొడవ లేదు, పాపం లేదు. ఇంత మంచి ఉపాయం తనకెందుకు తట్టలేదా అనుకున్నాడు. తనకి పువ్వుల వాసన చూసే అలవాటే లేదు కనుక.

"మణీ, పొద్దున్నే నువ్వు సూసీ."

"నేను చూసానంటే మామ్మ నమ్మదు నాన్నా. 'గుంటపిల్ల అబద్ధమాడతంది' అంటాది. మీరు చూసారంటే నమ్మి తీరాలి. మీరు పువ్వు వాసన చూడ్డమంటే ఊరంతా చెప్పుకునే సంగతి."

అలా మన్మథరావు అయిదున్నరకే లేచి, మఫ్లరు చుట్టుకుని, పొద ముందు వంగి నిలబడ్డాడు. ఆ రోజు విచ్చినవి రెండు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని ఒకదాని మీద ముక్కు పెట్టాడు. చల్లగా ముక్కుకి మంచు తగిలింది. అంతే. వాసనేమీ లేదు. 'ఇదా ఇంతోటి గొప్ప' అనుకుని రెండోదీ కానిచ్చాడు.

గేటు కిర్రుమంది. రామాయమ్మ.

"పిన్నీ, ఈ రెండూ వాసన సూసీసాను."

"నువ్వు?" ఆవిడ సజ్జ కింద పెట్టేసింది. "నువ్వేటి, పువ్వేటి, వాసనేటి? ఒట్టు పెట్టు."

"ఒట్టు."

"జలుబుతో ముక్కు దిబ్బడేసి ఉంది నీకు. నిన్నట్నించీ తుమ్ముతున్నావు, గోడ అవతలికి ఇనబడతంది. నీ ముక్కులోకి వాసన ఎల్లకపోతే సూసినట్టు కాదు."

"ముక్కు పెట్టీసాను కదా!"

"ముక్కు పెడితే సాలదు. ఏ వాసన వొచ్చిందో సెప్పు."

మన్మథరావు ఇరుక్కుపోయాడు. వాసన ఏమీ రాలేదని చెబితే పువ్వులు పోతాయి. వచ్చిందంటే ఏం వచ్చిందో చెప్పాలి. "గులాబీ వాసన," అన్నాడు.

"అది నా సెంబు కూడా సెప్తాది," అని రామాయమ్మ రెండు పువ్వులూ తుంచి సజ్జలో వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు అతను ఆవిరి పట్టుకుని వెళ్ళాడు. ఆ పొద దగ్గర ఊరికే ముక్కు పెట్టి వచ్చేస్తే కుదరదు, ఆవిడకి జవాబు చెప్పగలిగేలా చూడాలి. కాబట్టి నిలబడ్డాడు. ఎండ గోడ దిగి ఆకుల మీదికి వచ్చేదాకా నిలబడ్డాడు. రామాయమ్మ కూడా చేయి నడుముకి ఆనించి పక్కనే నిలబడింది.

ఏడింటికి వచ్చింది వాసన. తను వెతుక్కుంటూ పోలేదు, అదే వచ్చి ముక్కుని తట్టింది. మన్మథరావు కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక, "నిమ్మతొక్క గిల్లినట్టుంది పిన్నీ," అన్నాడు మెల్లగా, "ఆ ఎనకాల తియ్యగా ఏదో ఉంది. ఆగు, అది ఇంకా రాలేదు."

రామాయమ్మ అతని మొహం చూసి సజ్జ తీసుకుని మందారాల వైపు వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి అది అతని పనుల్లో ఒకటైపోయింది. ముందు ఏడింటికి, తర్వాత ఎనిమిదికి ఒకసారి, తొమ్మిదికి ఒకసారి. ఒకసారి చూసిన పువ్వుని మళ్ళీ చూడనక్కర్లేదని మణి గుర్తుచేస్తే, "ఎందుకైనా మంచిది," అనేవాడు. కొత్తగా విచ్చినదానికీ నిన్నటిదానికీ తేడా ఉందని కనిపెట్టాడు. గాలి లేని రోజున వాసన గేటు దాకా వస్తుందనీ, నీళ్ళు పెట్టిన మర్నాడు చిక్కగా ఉంటుందనీ, పన్నెండు దాటాక ఎంత వెతికినా దొరకదనీ తేల్చాడు.

పుష్పవతి ఊరుకోలేదు. "ముప్పై ఏల్లు. నా తల్లో మల్లెపూలు ఎన్ని మూరలు వాడిపోయాయో! ఒక్కసారైనా ఇటు వొంగారా? దానికి మాత్రం రోజూ మూడుసార్లు దణ్ణం పెడతన్నారు."

"అది యాపారం."

"అవునవును, మొహం సూస్తే తెలుస్తంది."

ఆదివారం సాయంత్రానికి పొద మీద ఏడు పువ్వులు, అయిదు సగం విచ్చిన మొగ్గలు ఉన్నాయి. ఏడూ వాసన చూసినవే. సోమవారం ఎనిమిదింటికి ఆ అయిదూ పూర్తిగా తెరుచుకుని, మంచి వాసన మీదుంటాయి. మణి దాదాపు గెలిచినట్టే. ఆ సంగతి తనకెందుకు సంతోషంగా ఉందో మన్మథరావు తనని తాను అడగలేదు.

సోమవారం అయిదున్నరకు వెళ్ళి చూస్తే అయిదు మొగ్గలూ లేవు.

రామాయమ్మ గుమ్మంలోనే ఉంది, పట్టుబట్టలో. "ఆఖరి సోమారం రా ఇయ్యాల. ఉత్తి మందారాలతో ఎలా గడుస్తాది? నిన్న దీపాలేల వొచ్చి కోసుకున్నాను."

"మొగ్గలు దేవుడికి పెట్టకూడదు కదా పిన్నీ!"

"మొగ్గలు పెట్టానన్నానేటి? రాత్రంతా రాగిసెంబులో నీల్లు పోసి ఉంచాను. తెల్లారేసరికి విచ్చుకున్నాయి. అప్పుడు పెట్టాను. విచ్చుకోని దానికి వాసనుండదు, వాసన లేనిది నువ్వెలా సూస్తావు? నాకు లెక్కలు రావనుకున్నావేటి?"

తప్పు తనదే. విచ్చిన సరుకే సరుకనుకుని, రేపటి సరుకుని గాలికొదిలేశాడు. దుకాణం పెట్టిన మొదటి ఏడు చేయాల్సిన పొరపాటు.

అదొక్కటే అయితే సర్దుకునేదేమో. ఎనిమిదింటికి రావలసిన వరహాలక్ష్మి, తాపీ మేస్త్రీ రాలేదని, ఇసుక లారీ దారికడ్డంగా దిగబడిందని ఫోన్ల మీద ఫోన్లు చేసి, చివరికి ఒంటిగంటకు వచ్చింది. ఎండ నడినెత్తిన ఉంది. పొద మీద ఏడు పాత పువ్వులు తలలు వేలాడేసుకుని ఉన్నాయి. ఆవిడ వంగి ఒకటి వాసన చూసింది. ఇంకొకటి చూసింది. మూడోది ముట్టగానే రేకులన్నీ అరచేతిలోకి రాలిపోయాయి.

"ఏటమ్మా, పచ్చగడ్డి వాసనొస్తంది?"

మణి పెదవి తడుపుకుంది. "ఎండకి వాసన పోతుందండీ. ఇవి మూడు నాలుగు రోజుల నాటివి. పొద్దున్న కొత్తవి ఉండాల్సింది. లేవు."

"పోనీలే. మరెప్పుడైనా చూద్దాం," అని ఆవిడ కారు తాళం బయటికి తీసింది. మరెప్పుడైనా అన్న మాటకి అర్థం ఏమిటో వ్యాపారం చేసే ఇంట్లో పుట్టిన పిల్లకి చెప్పనక్కర్లేదు. కార్తీకం ఇంకో నాలుగు రోజులుంది. మణి వంగి, రాలిన రేకులు ఏరుతోంది. ఆ రేకులతో ఎవరికీ పనిలేదు.

మన్మథరావుకి ఇక చేయాల్సిందల్లా మాట్లాడకుండా ఉండడం. గేటు దాకా వెళ్ళి, నమస్కారం పెట్టి, కారు కదిలాక కొబ్బరి మొలకలకు మనిషిని పిలవడం. అన్నీ అతని వైపే తూగుతున్నాయి.

"మేడమ్ గారూ," అన్నాడు. "మీ గదుల్లో దిగినోళ్ళు కొండ దిగి ఎన్నింటికొస్తారన్నారు?"

"తొమ్మిదికి. ఏం?"

"ఆరింటికి దీని దగ్గర ఏమీ ఉండదండి. ఏడింటికి నిమ్మతొక్క గిల్లిన వాసనొస్తాది. సన్నగా. పక్కనుంచి పోయేవోడికి తెలీదు, వొంగితేనే తెలుస్తాది. ఎనిమిదింపావుకి బెల్లం పాకం దించేటప్పుడు పొయ్యి దగ్గర ఉంటాది చూడండి, ఆ వాసన. తొమ్మిదికి ఆ రెండూ కలిసిపోయి, దాంట్లోకి ఇంకోటి వస్తాది. పట్టుచీర మడత విప్పినట్టుంటాదండి. అప్పుడు వొంగక్కర్లేదు. పదడుగుల దూరంలో ఉన్నా అదే వస్తాది. పది దాటితే తగ్గిపోద్ది, పన్నెండుకి ఖాళీ. మీరు ఖాళీ అయిన కొట్టుకి వొచ్చారు. మీ అతిథులు మాత్రం సరిగ్గా నిండుగా ఉన్నప్పుడు దిగుతారు."

వరహాలక్ష్మి తాళం తిప్పడం ఆపేసింది. "మన్మథరావు గారూ, మీ దగ్గర పదిహేనేళ్ళుగా మొక్కలు కొంటున్నాను. 'బతుకుతాది', 'బతకదు'... ఈ రెండు ముక్కలు తప్ప మీ నోట మూడోది వినలేదు."

"ఆడి మాట నమ్మకమ్మా!" గోడ మీంచి రామాయమ్మ గొంతు లేచింది. "తొమ్మిది రోజుల్నించీ నా శివయ్య పువ్వులన్నీ వాసన సూసి పాడుసేస్తన్నాడు! తెల్లారితే సాలు, దాని మీద ముక్కు. ఆఖరికి దొంగలా మొగ్గలు కోసుకుని దేవుడికి పెట్టుకోవాల్సొచ్చింది నాకు, ఈ ముక్కు గలోడి వల్ల!"

మణి చప్పున తలెత్తింది. "మామ్మా, పూజ అయిపోయిందా?"

"పొద్దున్నే అయిపోనాది. ఉపాసం నచ్చత్రాలేలకి ఇడుస్తాను."

"అయితే అవి ఇప్పుడు ప్రసాదమే కదా?"

"కాకేటి?"

మణి వరహాలక్ష్మి చేయి పట్టుకుంది, ఒక కొనుగోలుదారు చేయి అలా పట్టుకోకూడదన్న సంగతి మరిచిపోయి. ఇద్దరూ పక్క గేటులోంచి రామాయమ్మ ఇంట్లోకి వెళ్ళారు. మన్మథరావు వెనకాల వెళ్ళి గుమ్మం బయటే ఆగాడు. కిటికీ లేని చిన్న పూజగది. రామాయమ్మ తలుపు తెరవగానే, పొద్దుటినుంచీ ఆ చల్లటి చీకట్లో పోగుపడినదంతా ఒక్కసారి బయటికొచ్చింది. కర్పూరం, తడి రాయి, వాటన్నిటి మీదా ఆ వాసన.

వరహాలక్ష్మి ప్రసాదం పువ్వు కళ్ళకద్దుకుని, అలాగే మొహం మీద ఉంచుకుంది.

"పట్టుచీర మడత," అంది చివరికి. "అవును. మా అమ్మ పెట్టె." తర్వాత కళ్ళు తుడుచుకుని టీచరమ్మ గొంతుతో, "అరవై మొక్కలు. పై నెలకి," అంది.

మన్మథరావు 'సరే' అనడానికి నోరు తెరిచాడు.

"కుదరదండీ," అంది మణి. "అంట్లు కట్టి, అవి నిలదొక్కుకుని మీ నేలలో పెట్టాలంటే వర్షాలు రావాలి. అరవై కూడా వద్దు. ఆ దారికి ముప్పై చాలు, మొక్కకీ మొక్కకీ మధ్య ఒక మనిషి పట్టేంత ఎడం వదలాలి. సాయంత్రం ఎండ పడే పక్క అసలు వేయకండి. తూర్పు పక్కే. ముందు నేనొచ్చి చోటు చూస్తాను. నేల నచ్చకపోతే ఇవ్వను."

మన్మథరావు కళ్ళు మూసుకున్నాడు. వచ్చిన బేరాన్ని సగానికి కోసి, ఎనిమిది నెలలు వెనక్కి నెట్టి, పైగా కొనేవాళ్ళకే షరతులు పెడుతోంది. తన కడుపున పుట్టిన పిల్లే.

"ఎప్పుడొస్తావు మరి?" అంటోంది వరహాలక్ష్మి. "గురువారం రా. మిగతా తోటంతా కూడా చూసి చెప్పాలి, ఎక్కడ ఏం పెట్టాలో. నువ్వు చెప్పకుండా మేస్త్రీని గొయ్యి తవ్వనివ్వను."

మన్మథరావు కళ్ళు తెరిచాడు. సరుకు కొనడానికి వచ్చి, అమ్మేవాళ్ళనే వచ్చి చోటు చూపించమని బతిమాలే మనిషిని అతను ఇరవై రెండేళ్ళలో చూడలేదు. మనసులో మళ్ళీ మొదట్నుంచీ కూడుకుంటూ వచ్చాడు. ఎటునుంచి కూడినా తను సంపాదించినదానికన్నా ఎక్కువే తేలుతోంది.

కారు వెళ్ళిపోయాక రామాయమ్మ, "నా వల్లే బేరం కుదిరినాది. వొచ్చే కార్తీకానికి నాకు రోజుకి రెండు, వాసన సూడనివి," అంది.

"ఒకటి," అన్నాడు మన్మథరావు.

"రెండు."

"సరే, రెండు. నువ్వొచ్చి కోసుకున్నవి కాదు, మణి కోసిచ్చినవి."

సాయంత్రం మణి గేటు పక్క చోటు కొలవడం మొదలుపెట్టింది. తాడు ఒక కొస తను పట్టుకుని, రెండో కొస తండ్రి చేతికిచ్చింది. ఆ చోటు ఎంతో అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు, పన్నెండడుగులు. అయినా పట్టుకున్నాడు.

"కొంచెం ఎనక్కి, నాన్నా."

వెళ్ళాడు.

"ఇంకొంచెం. మల్లె కుండీలు జరిపేద్దాం."

జరిపాడు. ఇంకా వెళ్ళాడు. పుష్పవతి అరుగు మీద కూర్చుని బుగ్గన చెయ్యి పెట్టుకుని చూస్తోంది. తాడు ఇంకా బిగుసుకోలేదు. గేటు వీపుకి తగిలింది. ఒక చేత్తో దాన్ని వెనక్కి తోసి ఇంకో రెండడుగులు వేశాడు. పక్కనుంచి ఆటో హారన్ కొడుతూ పోయింది.

"రోడ్డొచ్చీసిందే అమ్మా!"

"అయితే అక్కడ ఆగండి," అని లోపల్నుంచి నవ్వు వినిపించింది.